అడ్డం పడిన చెయ్యి

చిట్టితల్లీ,

మా చెల్లెలింటికి వెళ్తున్నాను, ఎల్లుండి వస్తాను. నువ్వు లేవగానే మొక్క ఫొటోలు మళ్ళీ తియ్యి, సాయంత్రంలోగా పంపాలన్నావు కదా. నిన్న మసకగా పడ్డాయని కెమెరాను తిట్టిపోశావు. పాపం, దాని తప్పేమీ లేదు. లెన్సు మీద దుమ్ము కనబడితే నేనే నా కళ్ళజోడు గుడ్డతో తుడిచాను. ఆ గుడ్డ నిండా నా తలనూనె జిడ్డే. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టు, ఆ తర్వాతే నీ మెత్తటి గుడ్డతో తుడువు.

ట్యూబులైటు ఆర్పేయి. దాని కింద పచ్చటి ఆకుకు కూడా కామెర్లు వచ్చినట్టుంటుంది. కుండీని కిటికీ దగ్గరికి జరిపాను. ఎదురుగా కుర్చీ మీద తెల్ల దుప్పటి వేశాను, నిన్న నేను పట్టుకున్నట్టే అది ఆకుల మీదికి వెలుగు మళ్ళిస్తుంది. కుర్చీకి చేతులు వణకవు కాబట్టి "కదలకు అమ్మమ్మా" అని కసరక్కర్లేదు.

ఇంకోమాట. నిన్నటివన్నీ చెరిపేసినా, నా చెయ్యి అడ్డం పడిన ఆ ఒక్కటీ ఉంచు తల్లీ. మసకైనా పర్వాలేదు. మా అమ్మకు ఒక్క ఫొటో కూడా లేదు. ఆ చెయ్యి అచ్చం ఆవిడదే.