పెళ్లి కారుకు పడవ రంగు

మెర్లినమ్మా,

పెన్నా పొంగి రైలుకట్ట కొట్టుకపోయిన ఏడు, వరదలో మునిగిన కారని మనకు చవగ్గా వచ్చింది గదా, దాని అద్దాలన్నీ దించి పెట్టినా. ఎవురినీ ఎత్తనియ్యొద్దు, లోపల రంగు వాసన పోవాల. పూలదండలు డాష్‌బోర్డు మీద పెట్టొద్దు, తడి తగిలితే రంగు లేస్తాది.

మీ అత్త బాడుగ కారు పెడతానంటే, చర్చికి తాత కారులోనే పోతానంటివి. ఆ మాటకే మొన్న కూర్చుని, వరదనీళ్లకు తెల్లమచ్చలు పడిన డాష్‌బోర్డు, తలుపులు సబ్బుతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, పడవకు పూయగా మిగిలిన నీలం రంగు పూసినా. మీ అవ్వ చూసి, "పెళ్లికి పోతారా, చేపలకి పోతారా?" అని వీధంతా వినబడేటట్టు నవ్వింది. నవ్వనీ. ఒక చెయ్యి సాయం మాత్రం పట్టలేదు. లోపల కూర్చుంటే సముద్రం మీద ఉన్నట్టే ఉండాది.

పడవ రంగు ప్లాస్టిక్కు మీద తొందరగా ఆరదని పూసినాక గుర్తొచ్చింది. నీదేమో తెల్లచీర. నిన్నంతా కారును ఎండలోనే పెట్టినా.

పూలకు సూళ్లూరుపేట పోతా ఉండా, బిన్నే వచ్చేస్తా. అలంకారం మొదలుపెట్టకముందే నువ్వు కడుపునిండా తిను.

తాత

ఇంకోటి. ఈ పొద్దన్నే నా పెళ్లిపంచె, ఆ కొత్త తెల్లది, కట్టుకుని అన్ని సీట్లలో కూర్చుని, తలుపులకు ఒళ్లు రుద్ది చూసినా. వెనక ఎడమ తలుపు ఒక్కటే అంటింది. నువ్వు కుడిపక్క కూర్చో. ఎడమపక్క నేను కూర్చుంటా, నా పంచె ఎట్టాగూ నీలమైపోయింది.