అలుగు పక్క చేను

మన ఊరు,
18 అక్టోబరు 1981, ఆదివారం.

చి.ల.సౌ. పుష్పవతికి,

ఇక్కడ నేనూ గొడ్లూ బాగున్నాం. అక్కడ భిలాయిలో నువ్వూ, మన ప్రమీలారాణీ, అల్లుడుగారూ, పురిటిస్నానం అయిన మన మనవడూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. పిల్లవాడికి నా చెవులు వచ్చాయని రాశావు. చెవులతో ఆగిపోతే మంచిదే.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తున్నాను. పద్దు రాసినట్టు ఉత్తరం రాస్తానని నువ్వు నవ్వుతావు గాని, నాకు వేరే పద్ధతి రాదు. గేదె ఈనింది, పెయ్యదూడ. వంటింటి కప్పుకు పెంకులు మార్పించాను, ఇప్పుడు కారడం లేదు. అన్నం నేనే వండుకుంటున్నాను. మొదట్లో మీ వదిన కూర పంపేది, ఈమధ్య పంపడం లేదు. అలుగు పక్క నీ మిరపచేను పూతకొచ్చిందా అని కూడా అడిగావు. ఆ రెండు సంగతులూ ఒక్కటే. చివర రాస్తాను.

మొన్న గురువారం నందిగామ వెళ్లాను. చెరువుల గురించి కొత్త నిబంధనలు తెస్తున్నారట, రెండు తాలూకాల రైతులనూ పిలిచారు. రెండేళ్ల కిందట గుజరాత్‌లో ఆనకట్ట తెగి ఊరు కొట్టుకుపోయింది కదా, అప్పటినుంచి పాత నిబంధనలన్నీ తిరగరాస్తున్నారని ఇంజనీరు చెన్నకేశవరావు గారు చెప్పారు. చిన్నవయసువాడే. ఓపికగా చదివి వినిపించాడు. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు మీద ఎవరూ ఏమీ పేర్చకూడదు. అలుగు నీళ్లు పోయే పాత దారులను కొలిచి, మళ్లీ తెరవాలి. చెరువు ఎగువన తుంగ పెరిగి, పక్షులు గుడ్లు పెట్టే పల్లపు నేల దున్నకూడదు.

చేలకు నీళ్లు వదిలే మన నీరుకట్టు సాంబయ్య వెనక నుంచి లేచాడు. "కొంగలకి కూడా పట్టాలిస్తారా అండి?"

"పట్టా అక్కర్లేదండి, లేపకుండా ఉంటే చాలు," అన్నాడు ఇంజనీరు. అందరూ నవ్వారు. తుంగ ఉంటే ఒండ్రు అక్కడే ఆగుతుందనీ, దున్నితే ఆ మట్టంతా దిగి చెరువు పూడిపోతుందనీ తర్వాత నెమ్మదిగా చెప్పాడు. నాకు సబబుగానే తోచింది.

అలుగు మాట వచ్చేసరికి మన ఊరివాళ్లంతా తలలు వంచుకున్నాం. ఎందుకో ఇప్పుడు రాస్తాను.

ఏటా వినాయక చవితి వెళ్లాక అలుగు మీద తాటిమట్టలూ బంకమట్టీ వేసి జానెడు ఎత్తు పెంచుతాం కదా, ఆఖరి తడికి నీళ్లు ఆగాలని. పెద్దవాన వస్తే ఆ మట్టి దానంతటదే కొట్టుకుపోయేది. తిట్టుకుంటూ మళ్లీ వేసుకునేవాళ్లం. ఈసారి మీ అన్నయ్య బసవయ్య బావ గరికపాడు దగ్గర ఒక లారీ అతని వద్ద నుంచి తడిసి గడ్డకట్టిన సిమెంటు బస్తాలు తెచ్చాడు. "ఈసారి చూడు బావా, కొండ కదిలినా ఇది కదలదు," అన్నాడు. మేమంతా మెచ్చుకున్నాం. నేను కూడా బస్తాలు మోశాను.

మహాలయ అమావాస్య మర్నాడు వాన మొదలైంది. మధ్యాహ్నానికి నీళ్లు కట్ట అంచును తాకాయి. బస్తాలు అలాగే ఉన్నాయి. మీ అన్నయ్య పలుగు వేస్తే నిప్పురవ్వ లేచింది గాని బస్తా లేవలేదు. కట్ట కింద జ్ఞానయ్య వాళ్ల ఇళ్లు నీకు తెలుసు. పిల్లలను చర్చిలోకి చేర్చి అతను పరుగున పైకి వచ్చాడు. "అయ్యా, ఎటో ఒక పక్క దారియ్యండయ్యా," అన్నాడు.

దారి ఒక్కటే ఉంది. మీ నాన్నగారు గట్టు వేసి చేను చేయకముందు అలుగు నీళ్లు పాలేటి వాగులోకి పోయిన దారి.

నేను పలుగు తీసుకుంటే మీ అన్నయ్య అడ్డం వచ్చాడు. "ఆగు బావా. అది పసుపు కుంకుమల కింద మా చెల్లెలికి ఇచ్చిన చేను. దాన్ని అడక్కుండా ఎట్టా కొడతావు?"

"అడిగితే జవాబు భిలాయి నుంచి రావాలి," అన్నాను.

పుష్పవతీ, నీ చేను గట్టు తెగ్గొట్టింది నేనే. సాయంత్రానికి చెరువు తగ్గింది. ఇళ్లు నిలిచాయి. నీ చేను నిలవలేదు. పైమట్టి పోయి ఇసుక మేట వేసింది. వెంటనే రాయవలసింది. ప్రమీల పురిట్లో ఉంది, నీకు దిగులెందుకులే అనుకున్నాను. అదొక్కటే కాదు, నీకు చెప్పడానికి ధైర్యం చాలలేదు.

ఇప్పుడు ఆ దారినే కొలిచి తెరుస్తామంటున్నారు. అంటే చేను ఇక తిరిగి రాదు. అభ్యంతరాలుంటే కార్తీక పున్నమిలోగా రాసివ్వమన్నారు. మీ అన్నయ్య నీ పేరున ఒక కాగితం రాయించాడు. కాలువ రెండోవైపు, అంటే జ్ఞానయ్య వాళ్ల ఇళ్ల పక్కగా తవ్వాలని అందులో ఉంది. నీ సంతకం కావాలి. మీటింగులో ఇంజనీరు "ఆ చేను ఎవరిదండి?" అని అడిగితే అందరూ నావైపు చూశారు. "మా ఇంటామెది. ఆమెను అడగాలి," అన్నాను. "గట్టు కొట్టినప్పుడు గుర్తురాలేదా ఆ మాట?" అన్నాడు మీ అన్నయ్య.

ఆ కాగితం ఇందులోనే పెడుతున్నాను. నేనైతే సంతకం పెట్టను. కానీ చేను నాది కాదు. ఒకసారి నిన్ను అడగకుండా చేశాను, రెండోసారి చేయను. నువ్వు పెట్టి పంపితే నేనే తీసుకెళ్లి నందిగామలో ఇచ్చి వస్తాను, మారుమాట అనను. ప్రమీలతో చెప్పి ఆలోచించుకో. వదిన మీద కోపం పెట్టుకోకు. కూర మానేసింది గాని, పాలు పొంగిన వాసన వస్తే గోడ మీదుగా కేకేస్తూనే ఉంది.

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే జ్ఞానయ్యా, అతని భార్యా, ఆ ఇళ్లవాళ్లూ వచ్చి, ఇసుకలో కూరుకుపోయిన మిరప మొక్కలను వేళ్లతో తవ్వి తీశారు. నేను పిలవలేదు. చెరువు నీళ్లలో కడిగి, మన దొడ్లో బావి పక్క నాటారు. చాలావరకు చచ్చిపోయాయి.

పూత సంగతి అడిగావు. నిన్న ఒకటి పూసింది.

ఇట్లు,
ప్రమీల వాళ్ల నాన్న,
వెంకటరత్నం.