ఫోర్మన్‌గారికో మంచి సీసా

పాసయిందిరా బావమరిదీ, మన అమ్మాయి పాసయింది.

రేవులో కంటైనర్ల యార్డులో అన్నిటికంటే పెద్ద క్రేను, పన్నెండు అంతస్తుల ఎత్తుది, దాన్ని ఒంటరిగా నడిపే లైసెన్సు దాని చేతికొచ్చింది. దీవెనలూ క్షేమ సమాచారాలూ పక్కనపెట్టి ముందు ఈ ముక్క రాశాను, ఏమనుకోకు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. నేనైతే క్షేమం కంటే కాస్త ఎక్కువే.

నిన్న సాయంత్రం లైసెన్సు కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఫోటో బాగోలేదు నాన్నా" అంది. "పన్నెండంతస్తుల పైన కూర్చునేదానివి, ఎవరు చూడొచ్చారే" అన్నాను. మీ అక్క ఆ కార్డుని మూడుసార్లు పైటతో తుడిచింది, తుడవడానికి దానిమీద ఏమీ లేకపోయినా. నేను మెట్లమీద కనపడ్డవాళ్ళందరికీ చూపించాను. పై వాటాలోకి కొత్తగా దిగినాయన సామాను మోసుకుంటున్నాడు, పాపం పరుపు నెత్తిన పెట్టుకునే చదివాడు.

ఇక అసలు సంగతి. ఆ యార్డులో ఓ పద్ధతి ఉందట. లైసెన్సు వచ్చినవాళ్ళ తండ్రి, పని నేర్పిన ఫోర్మన్‌కి అందరి ఎదుటా ఓ మంచి విస్కీ సీసా ఇవ్వాలి. ఆయన పుచ్చుకుని క్రేను తాళంచెవి ఇస్తాడు. సీసా నాసిరకమైతే తాళంచెవి రాకపోదు గానీ, ఆ డ్రైవరుకి ఓ పేరు పడిపోతుంది. నిరుడు ఒకతని తండ్రి చవక సరుకు తెచ్చాడని అతన్ని ఇప్పటికీ 'క్వార్టరు' అనే పిలుస్తున్నారట. అసలు పేరు జీతాల గుమాస్తాకి కూడా గుర్తులేదట. అక్కడ ఆడపిల్ల మనదొక్కతే. దానికలాంటి పేరు పడితే నేను తల ఎత్తుకోలేను, అది క్రేను దిగలేదు.

నా దగ్గర నాలుగు వేలున్నాయి. ఐదు వేలది బాగుంటుందని మాత్రం రాయకు. నలభై ఏళ్ళు బల్లలకీ బీరువాలకీ పాలిష్ పెట్టినవాణ్ణి, స్పిరిటుని గుడ్డతో పట్టుకోవడం తెలుసు గానీ గ్లాసుతో పట్టుకోవడం తెలీదు. నువ్వు ఇరవై ఆరేళ్ళుగా క్లబ్బులో పెద్దమనుషులకి పోస్తున్నావు. ఏది కొనాలో రాయి. నెలాఖరు శనివారం ఇవ్వాలి.

ఆనందంతో ఉబ్బిపోతున్న
మీ బావ

తా.క.: ఫోన్ చెయ్యకు. ఫోన్లో నువ్వు చెప్పేది నాకు సగమే వినపడుతుంది, మిగతా సగం మీ అక్కకి వినపడుతుంది. ఇంట్లోకి మందు సీసా వస్తోందని ఆవిడకింకా చెప్పలేదు.

* * *

బావగారికి, ఉత్తరం చదివి బారు వెనకాల గంతేసి ఒక గ్లాసు పగలగొట్టిన మీ బావమరిది నమస్కరించి రాస్తున్నది.

నా మేనకోడలు క్రేనెక్కిందని క్లబ్బులో అందరికీ చెప్పాను. ఒక పెద్దమనిషి ఆ సంతోషంలో ఇంకో పెగ్గు తాగాడు. ఆయన నా పిల్లి ఈనిందన్నా తాగుతాడు, అయినా అభినందన అభినందనే.

నాలుగు వేలకి మంచి సీసా వస్తుంది, నామాట వినండి. పెట్టె చూసి కొనకండి. మఖమల్ పెట్టెలో పెట్టి అమ్మేవాటికి సగం డబ్బు పెట్టెకే పోతుంది. పన్నెండేళ్ళది అడగండి. అంటే చెక్కపీపాలో పన్నెండేళ్ళు ఊరిందని అర్థం. పద్దెనిమిదేళ్ళది మీ నాలుగు వేలకి రాదు, షాపాయన చూపిస్తే చూసి ఓ దండం పెట్టి వచ్చెయ్యండి. గోడలమీద ప్రకటనలు కనపడే కంపెనీది వద్దు. ఎవరూ పేరు వినని చిన్న కంపెనీది అడగండి, ఆ ప్రకటనల డబ్బు సరుకులో పెడతారు.

ఇంకో మాట. ఫోర్మన్‌గారికి తెలుసో లేదో, గ్లాసులో పోశాక రెండు చుక్కలు నీళ్ళు వెయ్యమనండి. అప్పుడే అసలు వాసన విచ్చుకుంటుంది. తెలిసినవాళ్ళు తాగే తీరు అది. మీరు ఆ మాట అన్నారంటే యార్డంతా మీవైపు వేరేగా చూస్తుంది.

ఉంటాను,
మీ బావమరిది

తా.క.: మీకు ఏ వస్తువు కొన్నా విప్పి చూసే అలవాటుంది. మా పెళ్ళికి మీరు విప్పి చూసి ఇచ్చిన గోడగడియారం ఇప్పటికీ మధ్యాహ్నం పన్నెండింటికి ఏడు కొడుతోంది. సీసా మాత్రం విప్పకండి.

* * *

బావమరిదికి, నీ బావ దీవెనలు పంపుతూ, పళ్ళు కొరుకుతూ రాస్తున్నది.

యార్డు గేటు ఎదుటి షాపుకే వెళ్ళాను. కౌంటరుకి ఇనుపజాలీ, జాలీలో చెయ్యి పట్టేంత కంత. "ఏం కావాలి పెద్దాయనా" అన్నాడు షాపాయన కంతలోంచి. "పన్నెండేళ్ళది" అన్నాను. వెనక నిలబడ్డవాళ్ళు ఓ అడుగు పక్కకి జరిగారు. నా జన్మలో క్యూలో నాకు దొరికిన మొదటి మర్యాద అది.

"పీపా ఏ కర్రతో చేశారు" అని అడిగాను.

"ఓక్."

"పైన పాలిష్ ఏం పెట్టారు?"

"పెద్దాయనా, సీసా కొంటావా, పీపాకి కొలతలు తీసుకుంటావా?"

మూడు వేల ఎనిమిదొందల యాభై అన్నాడు. లోపల్నించి గుడ్డతో తుడిచి మరీ తెచ్చిచ్చాడు. ఇంటికొచ్చాను. వచ్చానే గానీ, నువ్వు రాసిన నీళ్ళమాట బుర్రలో తిరుగుతూనే ఉంది. అంత ఖరీదైన సరుకులో నీళ్ళు పొయ్యమంటావేమిటి? పోస్తే బాగుంటుందని నీకు తెలిసినప్పుడు షాపాయనకి తెలీదా? ఆయనే ముందుగా పోసేసి ఉంటే?

మా పనిలో స్పిరిటు డబ్బా పరీక్షించకుండా ఎవడూ తీసుకోడు. పళ్ళెంలో చెంచాడు పోసి అగ్గిపుల్ల అంటిస్తాం. మంచిదైతే నీలంగా మండి పళ్ళెం పొడిగా మిగులుతుంది. నీళ్ళు కలిపారో, అంటుకోదు. అదే చేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు పుల్లలు. నాలుగూ ఆ చెంచాడు విస్కీలో మునిగి ప్రాణం వదిలాయి.

వాసనకి మీ అక్క వచ్చింది. అంతా చెప్పేశాను. ముందు నన్ను తిట్టింది, తరవాత షాపాయన్ని తిట్టింది, తరవాత అయిదో పుల్ల తనే గీసింది. అదీ ఆరిపోయింది.

పళ్ళెం, సీసా పట్టుకుని షాపుకి నడిచాను. అప్పుడే కొన్న సీసాలతో నిలబడ్డ పదకొండుమంది చూస్తుండగా పుల్ల గీశాను. అంటుకోలేదు. పదకొండుమందీ ఎవరి సీసా వాళ్ళు ఎత్తి వెలుతుర్లో చూసుకున్నారు. "ఎంత తాగినా ఎందుకెక్కట్లేదా అని డాక్టరుకి చూపించుకున్నాను, ఇదన్నమాట సంగతి" అన్నాడొకాయన. షాపాయన నా సీసా అందుకుని మూత చూసి, "సీలు తీసేశావా" అన్నాడు, ఇంట్లో ఎవరో పోయినట్టు. ఆ పదకొండుమందీ అరుస్తుండగానే సీసా కంతలోంచి నాకే తోసేసి షట్టరు దించేశాడు.

ఇంకోటి కొనడానికి నా దగ్గర లేదు. శనివారం ఈ సీసానే ఇస్తాను. నువ్వేం కంగారుపడకు, అటకమీంచి నా పాత స్పిరిటు డబ్బా దింపించాను, సగానికి పైగానే ఉంది. శుక్రవారం కూర్చుని దీని సంగతి చూస్తాను.

పట్టుదలతో
మీ బావ

తా.క.: పళ్ళెంలో మిగిలింది పారబొయ్యడమెందుకని మీ అక్క దాంతో బీరువా అద్దం తుడిచింది. తళతళలాడిపోతోంది. ఆ పనికి మాత్రం పెట్టిన డబ్బుకి తగ్గ సరుకే.

* * *

బావగారూ, నమస్కారం. ముందు ఆ డబ్బా అటకెక్కించండి, తరవాతే మిగతాది చదవండి.

ఎక్కించారా? అది విషం. ఒక గ్లాసుకి కళ్ళు పోతాయి, రెండో గ్లాసుకి మనిషే పోతాడు. నా మేనకోడలు మొదటిరోజు పైనుంచి చూసే దృశ్యం అది కాకూడదు.

విస్కీ అలా అంటుకోదు బావగారూ. అందులో సగానికి పైగా నీళ్ళే, తయారుచేసినవాడే పోస్తాడు. అది బీరువాలకి కాదు, మనుషులకి. షాపాయన్ని పట్టుకుని క్షమించమని అడగండి. నేను రెండు చుక్కలన్నది గ్లాసులో.

ఇక సీలు తీసిన సీసా ఇచ్చారంటే, మీరు తాగగా మిగిలింది ఇచ్చారనుకుంటారు. 'క్వార్టరు' నయమనిపించే పేరు పడుతుంది. 'ఎంగిలి' అంటారు. జీవితాంతం అంటారు. వద్దు. నేనే ఒక సీసా కొని ఈ ఉత్తరంతో పాటు కొరియర్‌లో పంపుతున్నాను. అది ఇవ్వండి. దాన్ని విప్పకండి, వెలిగించకండి, దానితో ఏదీ తుడవకండి.

గుండె చేత్తో పట్టుకుని
మీ బావమరిది

తా.క.: ఇది శనివారం పొద్దున్నే మీకు చేరుతుందని కొరియరాయన ఒట్టేశాడు. ఆయన నోటివాసనని బట్టి ఆదివారం అనుకుంటున్నాను.

ఇంకో తా.క.: మీ సంగతి బారులో చెబితే ముగ్గురు పెద్దమనుషులు పళ్ళెం, అగ్గిపెట్టె తెమ్మన్నారు. మేనేజరు నన్ను వారం పాటు గ్లాసులు కడిగే గదికి మార్చాడు.

* * *

క్రేను డ్రైవరుగారి మేనమామకి, ఆ డ్రైవరుగారి తండ్రి గట్టిగా కౌగిలించుకుని రాస్తున్నది.

నీ ఉత్తరం, సీసా ఆదివారమే వచ్చాయి. అప్పటికి అంతా అయిపోయింది. ఫోర్మన్ బతికే ఉన్నాడు, కళ్ళు కూడా బాగానే కనపడుతున్నాయి, ఆ రోజు కనపడకపోతే బాగుండునని ఆయనే అనుకుని ఉంటాడు. నన్నేమనుకున్నావురా? తాగేదాంట్లో పాలిష్ స్పిరిటు పోస్తానా? డబ్బా దింపింది లక్క కరిగించడానికి. మూత చుట్టూ ఎర్రలక్కతో సీలు వేశాను, కంపెనీవాడు చూస్తే సిగ్గుపడాలి.

శనివారం యార్డులో డ్రైవర్లంతా అర్ధచంద్రాకారంగా నిలబడ్డారు. మధ్యలో ఫోర్మన్. పెద్ద మనిషి, అరచెయ్యి చేటంత ఉంటుంది. సీసా రెండు చేతులా అందుకుని, ముందు అడుగు తిప్పి చూసి, తరవాత మూత చూశాడు. మొహం వాడిపోయింది.

"పెద్దాయనా, దీన్ని తెరిచావా?"

అమ్మాయి నావైపు చూసింది. క్వార్టరు అప్పుడే నవ్వడం మొదలెట్టాడు. నా లక్క ఎంత బాగున్నా నా నోటికి అబద్ధం అలవాటు లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను, పళ్ళెం, ఆరు పుల్లలు, అన్నీ. "మీకిచ్చేది కల్తీది కాకూడదని చూశానండీ" అన్నాను.

ఆయన అక్కడే చెక్కదుంగమీద కూలబడి, "పదకొండేళ్ళ సీసా. ఇంక వాడు తీసుకోడు" అన్నాడు, తనలో తను.

"ఎవడు తీసుకోడు?" అన్నాడు క్వార్టరు.

అంతేరా, తీగ లాగితే డొంకంతా వచ్చింది. ఆయనకి కడుపులో పుండట, డాక్టరు మందు మాన్పించి పదకొండేళ్ళయిందట. చెబితే డ్రైవర్ల ముందు చులకనైపోతానని చెప్పలేదు. వచ్చిన సీసా వచ్చినట్టే ఎదుటి షాపులో సగం ధరకి ఇచ్చేస్తాడు, షాపాయన దాన్నే తుడిచి తరవాతి తండ్రికి పూర్తి ధరకి అమ్ముతాడు. మారిపోకుండా అడుగున గుర్తు కూడా గీసుకున్నాడు. ఒకటే సీసా. పద్నాలుగుమంది తండ్రులు కొన్న ఒకే సీసా. పీపాలో పన్నెండేళ్ళు, రోడ్డు దాటుతూ పదకొండేళ్ళు, ఇరవై మూడేళ్ళదిరా అది. పద్దెనిమిదేళ్ళదే నా డబ్బుకి రాదన్నావు.

డ్రైవర్లందరి మొహాలూ ఎర్రబడ్డాయి. క్వార్టరు ఒక్కడే చేతులు పైకెత్తి, "మా నాన్న తెచ్చిందొక్కటే కొత్త సీసా" అని అరిచాడు. పాపం ఏడాదిగా ఎదురుచూస్తున్న మాట.

కొట్టేస్తారేమో ఆయన్ని అనుకున్నాను. మన అమ్మాయి ముందుకొచ్చింది. "సార్, సీసా పుచ్చుకున్నారు. పద్ధతి ప్రకారం తాళంచెవి ఇవ్వండి. నేను పైకెక్కాక కొట్టుకోండి, అక్కణ్ణించి బాగా కనపడుతుంది" అంది. ఎవడో ఫక్కుమన్నాడు. తరవాత అందరూ. ఫోర్మన్ తాళంచెవి దాని చేతిలో పెట్టి, "ఎక్కేముందు బరువులెత్తే ఇనుప తీగతాడు చూసుకో" అన్నాడు. "పొద్దున్నే చూశాను" అంది. ఆయన నావైపు తిరిగి, "నేనే నేర్పాననుకున్నాను పెద్దాయనా, ఈ పరీక్షించి చూసే బుద్ధి నీ ఇంట్లోదే" అన్నాడు. నాకు కళ్ళు మసకలయ్యాయి, అది ఎక్కడం సరిగ్గా చూడలేదు. మొదటి కంటైనరు ఎత్తి దించింది, చప్పుడు కాలేదు. నిద్రపోతున్న పిల్లని మంచంమీద పెట్టినట్టు.

కింద డ్రైవర్లు లక్క కొట్టి కాగితం కప్పుల్లో తలా మూతెడు తాగారు. నేను రెండు చుక్కలు నీళ్ళు వెయ్యమన్నాను, యార్డంతా నావైపు వేరేగా చూసింది. నీ మాట నిజమే. ఫోర్మన్ వాసన చూసి ఊరుకున్నాడు. ఈసారి నించి ఆయనకి టీ పొడి ఇస్తే చాలని తీర్మానించారు.

పేరు మాత్రం పడింది, కోప్పడకు. యార్డులో దాన్ని 'అగ్గిపుల్ల' అంటున్నారు. తనే హెల్మెట్ మీద రంగుతో రాయించుకుంది.

ఇట్లు
అగ్గిపుల్ల తండ్రి

తా.క.: నువ్వు పంపిన సీసా మీ అక్క స్వాధీనంలో ఉంది. కిటికీ అద్దాలయ్యాయి, తలుపులద్దాలు మొదలెట్టింది.

ఇంకో తా.క.: నువ్వు చెప్పాల్సినవాళ్ళు వీళ్ళు. మా తమ్ముడు, వాడికి అందరికంటే ముందు, ఆడపిల్లకి క్రేనేమిటన్నది వాడే. మీ పెద్దక్క, చెవుడు కాబట్టి రెండుసార్లు. ఆవిడ మొగుడు నా తోడల్లుడు, ఒక్కసారి చాలు, నిమ్మళంగా. మా మేనత్త కొడుకు, లైసెన్సు సంగతి చెప్పు, సీసా సంగతి వద్దు, మిగిలిందా అని బయల్దేరతాడు. మీ చిన్నాన్న, సీసా సంగతి చెప్పు, లైసెన్సు వద్దు, తన కొడుకు మూడుసార్లు తప్పాడు. మా చెల్లెలు, దాని తోడికోడలు, ఇద్దరికీ ఒకేసారి, లేకపోతే గొడవ. మీ అమ్మగారికి మాత్రం నువ్వు చెప్పకు. నలభై ఏళ్ళ కిందట బల్లలు తుడిచేవాడికి పిల్లనివ్వనన్నది ఆవిడే. నేనే స్వయంగా వచ్చి చెబుతాను.