చాలు అంటే ఆగే ఓవెన్

తమ్ముడు గంగాధర్‌కు,

ఫోన్‌లో అడిగితే ఇంట్లో వింటారని నాందేడ్ నుంచి ఉత్తరం రాస్తున్నాను. బోధన్‌లో నువ్వు రోజూ మైక్రోవేవ్ ఓవెన్లు బాగుచేస్తావు కదా, ఎనిమిది వేల లోపు ఏది ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది? నాబ్ తిప్పేదా, బొత్తాలు నొక్కేదా? ఇక్కడి దుకాణంవాడు దేన్ని చూపినా "దస్ సాల్ టికేగా, అమ్మా" అని, పదేళ్లు నిలుస్తుందంటున్నాడు. ఎట్లా నమ్మేది?

పాలు వేడయ్యాక దానంతట అదే ఆగిపోవాలి. అది ముఖ్యం.

మన కోడలు సాయలి మరాఠీ పిల్ల, తెలుగు ఇంకా పట్టుబడలేదు. మొన్న గ్యాస్ మీద పాలు పెట్టింది. నేను దేవుడి గదిలోంచి, ఆపెయ్యమని "చాలు, చాలు" అన్నాను. ఆమెకు అది మరాఠీ "చాలూ"లా వినిపించిందట, అంటే పొయ్యి నడవనీ అని. అట్లాగే వదిలేసి స్నానానికి పోయింది. పాలు పొంగి మంట ఆరిపోయింది, ఇల్లంతా గ్యాస్ నిండింది.

నా కొడుకు ప్రతీక్ మండిపడ్డాడు. "అమ్మా, ఇగ ఆమెను పొయ్యి కాడికి పోనియ్యకు" అన్నాడు. సాయలి నా వంక చూసింది. నేను "చాలు" అన్న సంగతి చెప్పకుండా పొంగిన పాలు తుడవసాగాను.

ఆమె అప్పటినుంచి వంటింట్లోకి రావడం లేదు. నెలాఖరుకు కుండల్‌వాడిలోని పుట్టింటికి పోతానంటోంది. ఆలోగా ఓవెన్ కొని ఆమె చేతికే అప్పగించాలి.

ప్రతీక్‌కు నిజం చెప్పడానికి ఓవెన్ అక్కర్లేదని నాకూ తెలుసు. అయినా ముందు దాని పేరు రాయి.

నీ అక్క