మంచం కింది పిడి

మంగళవారం రాత్రి, జనగామ

తాటిచెట్టు మీద నుంచి పడి, నడుము నుంచి కిందకు స్పర్శ పోయిన యాదగిరన్న మా వార్డుకొచ్చాక నోరు విప్పనే లేదు. ఈ సాయంత్రం జావ తాగించడానికి మంచం కింది పిడి తిప్పి తలవైపు ఎత్తుతుంటే, కళ్ళు మూసుకుని, “ఇంకింత పైకి, సిస్టరమ్మా” అన్నాడు. డాక్టరు చెప్పినంత వరకూ ఎత్తాను.

“కండ్లు తిరుగుతున్నయా అన్నా?”

“లేదు. గాలి సల్లగ కొడ్తాంది. గీడికెళ్లి మా లింగాల ఘనపూర్ అంత కనబడ్తది.”

కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అయినా ఆ గాలి నాకూ తగిలినట్టే అనిపించింది.

జావ అయ్యాక దించబోతే చెయ్యి పట్టుకున్నాడు. “జర ఆగు. ఆ దినం ఎక్కినోణ్ణి, నేనింక దిగలే.”

పిడి వదిలేసి, మంచం అలాగే ఎత్తి ఉంచాను. ఇల్లు చేరి అన్నం కలుపుకుంటుంటే గుర్తొచ్చింది. రాత్రి డ్యూటీ అమ్మాయికి మెల్లగా దించమని చెప్పలేదు.