కిటికీలో ఎండ, వెనక వాన

ఇంటి నుంచి,
బుధవారం, మధ్యాహ్నం.

పూజ్యులైన బావగారికి,

మీ మరదలు దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, లాండ్రీ క్షేమం, నా నోరు అంతకన్నా క్షేమం. మీ క్షేమం కోసం మీ ఉత్తరమంతా వెతికాను. కోపం తప్ప ఏమీ దొరకలేదు.

మీరు అడిగింది ఒక్కటే. ఫోన్లలో వస్తున్న ఆ మొగుడూపెళ్ళాల నాటకంలో, ఆఖరి భాగంలో వినిపించే గొంతు అక్కదా, నాదా అని. నాదేనని తీర్పు కూడా మీరే చెప్పేశారు. పోయిన మనిషి గొంతుతో వేళాకోళమా, సిగ్గు లేదా అని తిట్టారు. భార్య భర్తను గుమ్మంలో నిలబెట్టి కడిగేసే మధ్య భాగాలు మాత్రం అచ్చంగా అక్కవేనట. ఆ కోపం మీకు బాగా తెలుసట. ఆఖరికి మీకు మిగిలింది అదేనట, ఇక దానితోనే బతుకుతారట. జవాబు చెబుతాను. ముందు నన్ను నాలుగు కబుర్లు చెప్పనివ్వండి.

అక్క ఆ నాటకానికి గొంతు ఇచ్చినప్పుడు ఇది ఇంతగా పాకుతుందని ఎవరూ అనుకోలేదు. తెర మీద ఎవరో పిల్ల పెదాలు కదుపుతుంది, మాట అక్కది. ఒక్కో భాగం రెండు నిమిషాలు. అక్క పోయిన నెల రోజులకు అవి రావడం మొదలైంది. ఇప్పుడు వీధి వీధంతా అక్కే. మందుల షాపులో వరసలో నిలబడితే ముందున్నావిడ సంచీలోంచి అక్క ఏడుస్తుంది. లాండ్రీకి వచ్చినవాళ్ళు బట్టలు మడతపెట్టేలోపు బల్ల మీద ఫోను ఆనించుకుని చూస్తారు. నేను ఇస్త్రీ చేస్తూ వింటాను, కాలర్లు మాడ్చుకుంటాను. మొన్న బస్సులో వెనక సీట్లోంచి, ఎవరది అని అక్క గొంతు వినపడితే, నేనేనక్కా అని పైకే అనేశాను. పక్కనున్న పెద్దాయన లేచి వేరే సీటుకు పోయాడు. పోనీలెండి, కాళ్ళు చాపుకున్నాను.

చూసేవాళ్ళ గోల వేరే. మన వీధి టైలరు భార్య మొగుణ్ణి బలవంతంగా కూర్చోబెట్టి ఆఖరి భాగం చూపించిందట. ఆయన కళ్ళు తుడుచుకున్నాడని మురిసిపోయింది. ఆయనకు జలుబని నాకు తెలుసు. ఇక వీడియో కింద రాసేవాళ్ళకు లెక్కే లేదు. ఒకడు విడాకుల కాగితాలు చించేశానని రాస్తే, వాడి కిందే ఇంకొకడు, అవి నకళ్ళు అన్నయ్యా, అసలువి వకీలు దగ్గరుంటాయి అని రాశాడు. ఒకావిడ, ఈ గొంతున్న తల్లి నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని రాసింది. అది చదివి ఫోను బోర్లించి పెట్టాను.

ఎక్కువ కొట్లాట ఆఖరి భాగం మీదే. భర్త తిరిగొచ్చి గేటు దగ్గర నిలబడతాడు. భార్య కిటికీ వైపు తిరిగి, గొళ్ళెం వెయ్యలేదు, లోపలికి రండి అంటుంది. అంతే. ఆ మాట వెనక సన్నగా స్స్‌మని చప్పుడు. వాన పెట్టడం ఎంత బాగుందో అని సగం మంది. కిటికీలో ఎండ కాస్తుంటే వానేమిట్రా, తలకాయలున్నాయా అని మిగతా సగం. రెండు వైపులా చెరో దొంగ పేరుతో నేనూ ఉన్నాను.

ఆ మాట మీకు తెలుసు. మీరు షిఫ్టు దిగి ఆలస్యంగా వచ్చి, గేటు దగ్గరే స్కూటరు ఆపేసి దొంగలా తోసుకొస్తుంటే, అక్క లోపల్నుంచి అనేది అదే. పై వాటాలోంచి నేను అదే మాట అదే గొంతుతో అని మిమ్మల్ని ఏడిపించేదాన్ని. మా ఇద్దరి గొంతూ ఒకటే, కన్నతల్లే తికమకపడేది. ఫోనులో అక్కనై మూడు చీపుళ్ళు తెమ్మంటే తెచ్చారు. ఆ మనిషి ఇవాళ నన్ను నమ్మనంటే తప్పు పట్టను.

మూడేళ్ళ కిందట చొక్కాలు సంచీలో కుక్కుకుని ఇల్లు వదిలి వెళ్ళారు. అక్క పోయిందని కబురందిన మర్నాడు వచ్చి, గేటు దగ్గరే కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. నేను పై కిటికీలోంచి చూశాను. పిలవలేదు. పిలిస్తే అక్క పిలిచినట్టే ఉంటుందని భయం. మీకని కాదు, నాకు.

మందులు వేళకు వేసుకోండి. చొక్కాలు బయట ఇస్త్రీకి ఇవ్వకండి, బొత్తాలు ఊడగొడతారు.

ఇట్లు,
మీ పై వాటా నోటిదురుసు,
మరదలు.

తా.క.: ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. తిట్టిన భాగాలు అక్కవి కావు బావా, నావి. అప్పటికే తనకు ఊపిరి చాలడం లేదు. గొంతు ఒకటే కదా అని రికార్డింగు ఆయన నన్ను మైకు ముందు నిలబెట్టాడు. కాగితం మీద రాసిచ్చింది కొంచెమే. మిగతా కోపం నేను ఇంటి నుంచి పట్టుకెళ్ళాను. జబ్బు సంగతి మీకు రాయొద్దని అక్క ఒట్టు వేయించుకుంది, ఆ ఉక్రోషమంతా అక్కడ కక్కాను. కనుక మీరు బతుకుతానంటున్నది నా కోపంతో. అది అంత విలువైనది కాదు.

ఆఖరిది అక్కది. అన్నిటికన్నా ముందు అదే చెప్పింది, ఏడుపులూ చిన్న మాటలూ తర్వాత ఓపికున్నంత మేరకు. మధ్యవి ఎవరైనా చెప్పొచ్చు, ఇది నేనే చెప్పాలి అంది. వాళ్ళు నిన్ను క్షమించాను అని రాసిస్తే, ఇళ్ళలో ఎవరైనా అలా మాట్లాడతారా అని కొట్టేసి తన మాట చెప్పింది. కదలలేక మంచం మీదే, మైకు చుట్టూ దుప్పట్లు కట్టించుకుని. ఆ చప్పుడు వాన కాదు. మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషను. అది ఆపితే మాట రాదు. రికార్డింగు ఆయన తర్వాత దాన్ని తీసేస్తానంటే నేనే పడనివ్వలేదు. ఫోను చెవికి ఆనించుకుని వినండి. అలాంటి చప్పుడు నేను చెయ్యలేను.

ఇంకోటి. కింద మీ వాటా తలుపుకు రోజూ సాయంత్రం నేనే గొళ్ళెం పెడుతున్నాను. పొద్దున దిగి చూస్తే తీసే ఉంటోంది. ఇది కూడా నా పని కాదు.