మూడున్నరకి బడి వదిలేలోపు

హోటలు గది,
గురువారం, సాయంత్రం ఆరు గంటలు

ప్రియమైన స్కేలుకి,

నమస్కారాలు. నువ్వు, అన్నయ్యగారు, పిల్లలు కులాసా అని తలుస్తాను. కాలేజీలో పిలిచిన పేరుతోనే పిలుస్తున్నాను, నిన్ను ఇంకోలా పిలవడం నాకు చేతకాదు. నేనూ కులాసాయే అని రాసి కొట్టేశాను. ఎనిమిదేళ్లుగా మాటల్లేని మనిషి ఉత్తరమని చింపేయకు. చదివాక నీ ఇష్టం.

వంతెనల ఇంజినీర్ల సభలకని ఈ ఊరొచ్చాను. భోజనాలయ్యాక ఒక పెద్దాయన కాంక్రీటు గురించి మొదలుపెట్టాడు. ఆయన గొంతు వింటే కాంక్రీటుకే కునుకు పడుతుంది. మెడలో సభ బిళ్లతోనే ఊరు చూద్దామని బయటపడ్డాను. తాళాలు బాగుచేసే సందు, గడియారాల వీధి దాటి, పాత పుస్తకాలు పరిచిన మెట్లు దిగి ఏటి గట్టుకి చేరాను. అక్కడ నడిచేవాళ్ల కోసం కట్టిన ఇనుప వంతెన ఉంది. ఇవతల సంత, అవతల బడి.

అలవాటు కొద్దీ కిందికి దిగి చూశాను. రెండో స్తంభం మీద, దూలాన్ని మోసే బ్రాకెట్టు అతుకు దగ్గర పగిలింది. తుప్పునీళ్లు కారి చార కట్టాయి. పైన ఎవరో బండి తోసుకెళ్లారు. పగులు నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయే!

పైకి పరుగెత్తి వంతెన కాపలాదారుకి చెప్పాను. రోజూ ఇంతమంది నడుస్తుంటే మీ ఒక్కరికే కనబడిందా అన్నాడు. పురపాలక ఆఫీసుకి ఫోన్ చేస్తే మనిషిని పంపుతాం, ఈలోగా కాగితం మీద రాసివ్వండి అన్నారు. బడి ఎప్పుడు వదులుతారని అడిగాను. మూడున్నరకట. అప్పుడు మూడూ పది. పిల్లలు ఎక్కేది అవతలి నుంచి. చుట్టు తిరిగి వెళ్తే గంట పడుతుందట.

మా మాటలు విన్న పండ్లబండి ఆవిడ వెంటనే బండిని దారికి అడ్డంగా తోసేసింది. "నువ్వెళ్లమ్మా, ఇటు ఎవరు ఎక్కుతారో నేను చూస్తా" అంది.

ఎక్కాను. నా జన్మలో అంత పొడుగు వంతెన ఎక్కలేదు. కమ్మీ పట్టుకుంటే చెమటకి చెయ్యి జారిపోతోంది. రెండో స్తంభం దగ్గర దూలం సన్నగా మూలిగింది. కిందకి చూడకుండా, పిల్లల్ని లెక్కపెట్టినట్టు అడుగులు లెక్కపెట్టుకుంటూ దాటాను.

పెద్ద టీచరమ్మకి పగులు సంగతి చెప్పాను. నా మొహం చూసి గేటుకి తాళం వేయించింది. నేను చున్నీ తీసి వంతెన మొదట్లో అడ్డంగా కట్టి, అక్కడే చతికిలబడ్డాను. గంట కొట్టారు. గేటు వెనక పిల్లల గోల విన్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

నాలుగున్నరకి పురపాలక ఇంజినీరు వచ్చాడు. తాళంచెవి పగులులో పెడితే పూర్తిగా దిగిపోయింది. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. వంతెన మూసేశారు.

ఇట్లు,
నీ ఒకప్పటి రబ్బరు

తా.క.: అలవాటు కొద్దీ కిందికి దిగానన్నది అబద్ధం. ఆ వంతెన కోసమే ఈ ఊరొచ్చాను. అది మనిద్దరం ఒకే ఆఫీసులో ఉండగా గీసిన డ్రాయింగే. అతుకు చాలదని, అక్కడి ఇనుప పలక మందం పెంచాలని నువ్వు రాసిన అభ్యంతరాన్ని కొట్టేసి సంతకం పెట్టింది నేను. పనికి అడ్డం పడుతోందని ఆఫీసువాళ్లు నిన్ను సాగనంపితే నోరు మెదపనిదీ నేనే. ఈ మాటలన్నీ ఇవాళ ఆ పురపాలక ఇంజినీరుకి రాసిచ్చాను. నా సంగతి ఏమవుతుందో తెలియదు. అదే డ్రాయింగుతో ఇంకో రెండు వంతెనలు కట్టారు. వాటినీ ఆపమంటే, లెక్కలు చూపించందే కుదరదని పురపాలక ఆఫీసువాళ్లు అంటున్నారు. అప్పుడు నువ్వు వేసిన లెక్కల కాగితాలు నీ దగ్గరే ఉన్నాయి. నా ఫోన్ నువ్వు తియ్యవు, అందుకే ఈ ఉత్తరం, సభలకి వచ్చి ఇప్పుడే బయల్దేరుతున్న మీ ఊరి ఇంజినీరు చేతికిస్తున్నాను. తెల్లారగానే పురపాలక ఆఫీసు నుంచి నీకు ఫోన్ వస్తుంది. అది మాత్రం తియ్యి.